అనుమతి లేకుండా తగ్గిన వాపు

గుండ్లవంకలో ఊరేగింపు గుర్రం ఒక్కటే ఉంది. తెల్లటి ఆడగుర్రం, తొమ్మిదేళ్లది, పేరు సితార. బ్యాండు మేళం చెవి పక్కన వాయించినా కదలదు గానీ, ఎవరైనా గొడుగు తెరిస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తుంది. దాని యజమాని దస్తగిరి ముప్పై ఏళ్లుగా ఆ ఊరి పెళ్లికొడుకుల్ని గుర్రమెక్కించి దించుతున్నవాడు. మొదట్లో ఎక్కించినవాళ్లలో కొందరి కొడుకుల్ని కూడా ఎక్కించాడు.

ఒక మంగళవారం పొద్దున నానిన ఉలవలు పెడుతుంటే, సితార ముందరి ఎడమకాలు మోకాటి కింద కొంచెం ఉబ్బినట్టు కనబడింది. దస్తగిరి వంగి వేళ్లతో నొక్కి చూశాడు. నిమ్మకాయంత వాపు, చేతికి కాస్త వెచ్చగా తగులుతోంది. నాలుగడుగులు నడిపించాడు. కుంటడం లేదు. ముందురోజు పక్కూరి ఊరేగింపులో రాయి తగిలినట్టుంది. పొట్ట కింద జీను పట్టీ ఒరిసిన చోట చర్మం ఎర్రబడి, చిన్న చిన్న పొక్కులు కూడా లేచాయి.

ఇలాంటివి అతను ఎన్నో చూశాడు. పొద్దునా సాయంత్రం పావుగంట సేపు కాలి మీద చల్లనీళ్లు ధారగా పోయాలి. పొక్కుల్ని ఉప్పునీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, కలబంద గుజ్జు రాయాలి. తగ్గేదాకా జీను వెయ్యకూడదు. కుంటితేనో, ఒళ్లు కాలితేనో, చీము పడితేనో డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. లేకపోతే నాలుగు రోజుల్లో అదే పోతుంది.

ఈ కథ కూడా నాలుగు రోజుల్లో అయిపోవలసిందే. కానీ ఈ ఆదివారం కాక పై ఆదివారం నీలవేణి పెళ్లి ఉంది.

నీలవేణి బస్సు కండక్టరు. చిన్నప్పుడు బడికి పోతూ పోతూ దస్తగిరి పాక దగ్గర ఆగి, అప్పట్లో ఉన్న గుర్రం ముక్కు నిమిరి, "మామా, నా పెండ్లికి నేనే ఎక్కుతా" అనేది. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకుంటానంది. పెళ్లికొడుకు వైపు వాళ్లు ఆడపిల్ల గుర్రమెక్కడమేమిటని రెండు రోజులు గొణిగారు. పెళ్లికొడుకు మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. అతనికి గుర్రాలంటే భయం.

ఊరేగింపుకు గుర్రాన్ని తీయాలంటే పశువుల ఆసుపత్రి నుంచి ఆరోగ్య ధ్రువపత్రం తేవాలని మునిసిపాలిటీ వాళ్లు నిరుడు రూలు పెట్టారు. అందుకని దస్తగిరి సితారను నడిపించుకుని ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టర్ పరాంకుశం కుర్చీలోంచి లేవకుండానే కిటికీలోంచి కాలు చూశాడు.

"చిన్న వాపు" అన్నాడు.

"అవును సార్, చిన్నదే. నాలుగు దినాల్లో పోతాది. పోయినాక వచ్చి కాయితం తీసుకుంటా."

"చిన్న వాపుకు నేను చెయ్యి పెట్టకూడదయ్యా. కొత్త ఉత్తర్వులు వచ్చాయి. పెద్ద వాపైతే నాది. చిన్నదైతే మేడమీది వాళ్లది. వాళ్లు నయమైందని రాసిస్తేనే నేను ధ్రువపత్రం ఇవ్వాలి."

మేడ మీద 'అశ్వ స్వల్ప వాపుల గృహ చికిత్సా విభాగం' అని బోర్డు ఉంది. గుర్రాలకు వచ్చే చిన్న వాపుల్నీ దురదల్నీ ఇంటి దగ్గరే నయం చేసుకోవచ్చని రాజధానిలో ఎవరో పెద్దాయన ఎక్కడో విన్నాడట. అది దస్తగిరి తాతకు కూడా తెలిసిన సంగతే. అయితే దస్తగిరి తాత దాన్ని పథకం చెయ్యలేదు. పెద్దాయన చేశాడు. ఊరికో విభాగం, విభాగానికి పదకొండు మంది సిబ్బంది వచ్చారు. గుండ్లవంకలో ఎన్ని గుర్రాలున్నాయని ఎవరూ అడగలేదు, ఒకటే ఉందని ఎవరూ చెప్పలేదు. పద్నాలుగు నెలలుగా ఆ పదకొండు మందీ వాపు కోసం ఎదురు చూస్తున్నారు. సితార ఆ వీధిలో పోతున్నప్పుడల్లా కిటికీల దగ్గరికి వచ్చి దాని కాళ్ల వంక ఆశగా చూసి, నిట్టూర్చి, మళ్లీ కుర్చీల్లో కూర్చునేవాళ్లు.

విభాగాధికారి భుజంగరావు సన్నగా, మర్యాదగా, ఎప్పుడూ జేబులో కొలత టేపు పెట్టుకుని ఉండే మనిషి. దస్తగిరి వచ్చిన పని చెప్పగానే కుర్చీలోంచి లేచాడు.

"వాపా?" అన్నాడు మెల్లిగా. "నిజంగా వాపేనా?"

"చిన్నది సార్."

"చిన్నదే కావాలి" అని ఆయన కొత్త రిజిస్టరు తెరిచాడు. అట్ట కిర్రుమంది. పదిమంది సిబ్బందీ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"లబ్ధిదారు పేరు?"

"దస్తగిరి సార్."

"మీకు వాపు ఉందా?"

"నాకు లేదు సార్."

"మరి లబ్ధిదారు మీరెలా అవుతారు?"

"సితార అని రాసుకోండి సార్" అన్నాడు దస్తగిరి.

"ఇంటి నంబరు?"

"ఏడు బై నలభై."

"అది మీది. లబ్ధిదారుది చెప్పండి."

"దానికి ఇల్లేంది సార్. మా ఇంటెనక పాకలో ఉంటాది."

భుజంగరావు కలం కింద పెట్టి, నిబంధనావళి తీసి చదివాడు. "గృహము అనగా నాలుగు గోడలు, పైకప్పు, వీధి తలుపు మరియు పురపాలక సంఖ్య కలిగియుండి, లబ్ధిదారు నివసించుచున్న కట్టడము. విన్నారుగా. పాక గృహం కాదు. పాకలో చేసేది పాక చికిత్స అవుతుంది. మనది గృహ చికిత్స."

"అంటే దాన్ని ఇంట్లోకి తోలుకోవాలనా సార్?"

"తోలుకోవడం అనకండి. లబ్ధిదారును గృహప్రవేశం చేయించాలి. మందుల పెట్టె ప్రధాన కార్యాలయం నుంచి పది పనిదినాల్లో వస్తుంది. అంతవరకు వాపును యథాతథ స్థితిలో కాపాడవలసిన బాధ్యత మీది."

దస్తగిరి ఇంటికొచ్చి సంగతంతా భార్య హుసేన్‌బీకి చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టి సాంతం విన్నది.

"ముప్పై ఏండ్లుగా నా మోకాళ్లు వాస్తానే ఉండాయి. ఒక్కడన్నా వచ్చి రాసుకోని పోయినాడా?" అంది.

"నువ్వు గుర్రానివి కాదు కదమ్మే."

"ఆ మాట ముందే చెప్పింటే ఇంకో రకంగా పుట్టేదాన్ని" అని ఆమె లేచి పీటలూ బిందెలూ వంటింట్లోకి సర్దసాగింది.

ఇల్లంటే ఒక ముందుగది, ఒక వంటిల్లు. సితార గుమ్మం దగ్గర ఆగి, తల వంచి, అతిథిలా నెమ్మదిగా లోపలికి వచ్చింది. బీరువా అద్దంలో ఇంకో తెల్లగుర్రాన్ని చూసి చాలాసేపు మర్యాదగా నిలబడింది. అవతలి గుర్రం కూడా అలాగే నిలబడేసరికి విసుగొచ్చి, గోడకున్న క్యాలెండరులో వచ్చే మూడు నెలలూ తినేసింది.

సాయంత్రం విభాగం నుంచి ఇంకో కాగితం వచ్చింది. తొమ్మిదో నిబంధన ప్రకారం చికిత్స గదిలో లబ్ధిదారు తప్ప ఇతరులు నిద్రించరాదు. వంటింట్లో ఒకరు పడుకుంటే కాళ్లు పొయ్యిలో ఉంటాయి. అందుకని దస్తగిరీ హుసేన్‌బీ మంచాలు మోసుకుని పాకలోకి వెళ్లారు. సితారకు పాక ఎంత చక్కగా ఉండేదో, గాలి ఎటు నుంచి వచ్చేదో దస్తగిరికి అప్పుడు తెలిసింది. హుసేన్‌బీ ఆ సంగతి ఒప్పుకోలేదు గానీ, బాగానే నిద్రపోయింది.

వాపును అట్లే ఉంచమన్నారు. బుధవారం పొద్దున సితార ఆ కాలు ఎత్తి ఎత్తి పెడుతుంటే దస్తగిరికి చూడబుద్ధి కాలేదు. వాపును కాపాడమని కాగితంలో ఉంది గానీ, దాని బాధ ఎవరు పడాలో రాయలేదు. పెరట్లోకి తీసుకెళ్లి, పావుగంట సేపు చెంబుతో చల్లనీళ్లు పోశాడు. పొక్కులకు ఉప్పునీళ్లూ కలబందా పట్టించాడు. సాయంత్రం మళ్లీ అదే చేశాడు. శుక్రవారానికి వాపు సగమైంది. ఆదివారానికి ఆ కాలూ ఈ కాలూ ఒక్కలాగే ఉన్నాయి. పొక్కులు ఎండి రాలిపోయాయి. సితార నిమ్మళంగా నాలుగు కాళ్ల మీదా బరువు వేసి నిలబడింది. దస్తగిరికి సంతోషమూ వేసింది, వాపును కాపాడమన్న కాగితమూ గుర్తొచ్చింది.

ఆలోగా శనివారం విభాగం గుమస్తా వచ్చి, గృహ వివరాలు రాసుకుపోయాడు. అతను ఫారంలో ఉన్న ప్రశ్నలే వరసగా అడిగాడు.

"ఈ గృహంలో నిద్రించేవారు ఎందరు?"

"ఒకరే" అంది హుసేన్‌బీ.

"ఎవరు?"

"సితార."

"అయితే కుటుంబ పెద్ద సితార. వయసు?"

"తొమ్మిది."

"వృత్తి?"

"ఊరేగింపులు" అన్నాడు దస్తగిరి.

"మీరిద్దరూ?"

"మేం పాకలో ఉంటాం."

గుమస్తా కాసేపు ఆలోచించి 'ఆశ్రితులు' అని రాశాడు. ముద్ర వేసి ఒక ప్రతి చేతికిచ్చాడు.

సోమవారం భుజంగరావు టేపుతో స్వయంగా వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఎడమకాలు కొలిచాడు. కుడికాలు కొలిచాడు. మళ్లీ ఎడమకాలు కొలిచాడు.

"ఇది ఎవరి ఉత్తర్వు మీద తగ్గింది?" అన్నాడు.

"చల్లనీళ్ల మీద తగ్గింది సార్."

"మందుల పెట్టె రాకముందేనా?"

"రాకముందే సార్."

భుజంగరావు మంచం లేదు కాబట్టి మూలనున్న బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు. ఆయన ముఖం చూస్తే తప్పు చేసినవాడు దస్తగిరి కాదు, ఆయనే అనిపించింది.

"దస్తగిరి గారూ, ఫైలులో వాపు ఉంది. కాలి మీద లేదు. ఈ రెంటిలో ఒకటి తప్పు. ఫైలు మీద నాలుగు సంతకాలున్నాయి."

"కాలి మీద ఏమీ లేవు సార్" అని దస్తగిరి ఒప్పుకున్నాడు.

"బుధవారం సంయుక్త సంచాలకులవారు వస్తున్నారు. పద్నాలుగు నెలల్లో ఇదే మొదటి వాపు. పదకొండు మందిమి ఉన్నాం. వాపు లేదంటే ఆ సాయంత్రానికే మమ్మల్ని కుక్కల లెక్కింపుకు పంపుతారు. నాకు కుక్కలు పడవు."

దస్తగిరికి జాలేసింది. వాపు కోసం ఇంతగా బాధపడే మనిషిని అతను చూడలేదు. చివరికి భుజంగరావే దారి చెప్పాడు. కాలికి మెత్తగా దూది చుట్టి, పైన కట్టు కడితే, కట్టు కింద ఏముందో కట్టుకే తెలుస్తుంది. అబద్ధం ఎవరూ ఆడనక్కర్లేదు. దస్తగిరి ఒప్పుకున్నాడు. హుసేన్‌బీ పాత దిండు విప్పింది. దిండులో దూది అనుకున్నదాని కంటే ఎక్కువ ఉంది, ఆమె మిగల్చలేదు.

బుధవారం సంయుక్త సంచాలకులు మూడు జీపుల్లో వచ్చి, పూలదండ వేయించుకున్నారు. ఇంకో దండ సితారకు వేశారు, అది తినేసింది. ఆయన ముందుగదిలో నిలబడి, వాపు అనేది శత్రువు కాదనీ, ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య వారధి అనీ పది నిమిషాలు మాట్లాడారు. తర్వాత టేపు అడిగి కట్టు మీదుగానే కొలిచారు.

"కుడికాలి కంటే ఎంత ఎక్కువ?" అన్నారు.

"అయిదున్నర అంగుళాలండి" అన్నాడు గుమస్తా.

"స్వల్ప వాపు రెండంగుళాలు మించరాదు కదా, భుజంగరావ్. ఇది స్వల్పమెలా అవుతుంది? అధిక వాపు. తక్షణమే కిందికి బదిలీ చెయ్యండి."

భుజంగరావు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సితార గంటలో ఆసుపత్రి వాకిట్లో ఉంది. డాక్టర్ పరాంకుశం ఈసారి కుర్చీలోంచి లేచి కట్టు విప్పాడు. చాలా సేపు విప్పాడు.

"వాపు ఏదీ?" అన్నాడు.

"లేదు సార్. అందుకే ఆ కాయితం ఇప్పిస్తే..."

"అలా ఎలా ఇస్తాం? అయిదున్నర అంగుళాల వాపు దారిలో ఒక గంటలో మాయమైందంటే అది మామూలు జబ్బు కాదు. ఇలాంటి వాటికి ఇరవై ఒక్క రోజుల పరిశీలన ఉంది. ఇంటికి తీసుకెళ్లు. పరిశీలనలో ఉండగా ధ్రువపత్రం ఇవ్వకూడదు."

పెళ్లికి నాలుగు రోజులే ఉన్నాయి. దస్తగిరి సితారను నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. దారిలో దాని నడక చూస్తుంటే ఎప్పుడూ అంత చక్కగా నడవలేదనిపించింది. ముప్పై ఏళ్లలో ఇస్తానన్న గుర్రం ఇవ్వకపోవడం అతనికి ఇదే మొదటిసారి. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

గురువారం డ్యూటీ దిగి, భుజాన టికెట్ల సంచీతోనే నీలవేణి శుభలేఖ ఇవ్వడానికి వచ్చింది. కిటికీలోంచి సితార తల బయటికి పెట్టి చూస్తోంది. ఇంటివాళ్లు పాకలో ఉన్నారు.

"ఏంది మామా ఇది?" అంది.

దస్తగిరి మొదటి నుంచి చెప్పాడు. "నీకు మాటిచ్చినానమ్మా. పక్క జిల్లాలో ఇంకో గుర్రముంటాది, కనుక్కుంటా. అది నిన్ను మోస్తాదో లేదో తెలీదు గానీ."

"నాకు వేరే గుర్రం వద్దు. కాయితాలు ఇట్లియ్యి."

నీలవేణి రోజుకు వెయ్యి మంది ప్రయాణికులతో రూలు మాట్లాడే మనిషి. నులక మంచం మీద కూర్చుని, అన్ని కాగితాలూ ముందుకీ వెనక్కీ చదివింది. గుమస్తా ఇచ్చిన ప్రతి దగ్గర ఆగింది. మునిసిపాలిటీ రూలు ఇంకోసారి చదివింది.

"యజమాని తోలుకొచ్చే జంతువుకు ధ్రువపత్రం కావాలంట" అంది.

"అవునమ్మా."

"దీంట్లో ఇంటి యజమాని ఎవరని ఉంది?"

"సితార."

"నువ్వు?"

"ఆశ్రితుడు" అన్నాడు దస్తగిరి.

నీలవేణి సంచీలోంచి కలం తీసి, శుభలేఖ మీద రాసింది: 'శ్రీమతి సితార గారికి, ఇంటి నంబరు ఏడు బై నలభై. కుటుంబ సమేతంగా విచ్చేసి మమ్మల్ని ఆశీర్వదించ ప్రార్థన.' దాన్ని తీసుకెళ్లి కిటికీ దగ్గర పట్టుకుంది. సితార ఒక మూల కొరికింది. ఇంకో శుభలేఖ రాసి, దారిలో విభాగం కార్యాలయంలో ఇచ్చి వెళ్లింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఊరేగింపు బయలుదేరింది. జీను పట్టీ ఒరవకుండా దస్తగిరి కింద మెత్తటి గుడ్డ మడిచి వేశాడు. నీలవేణి పట్టుచీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, సాయం లేకుండా ఎక్కింది. పెళ్లికొడుకు చాలినంత దూరంలో జీపులో వస్తున్నాడు. గడియారస్తంభం దగ్గర మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. బ్యాండు ఆగింది.

"ఈ గుర్రానికి ధ్రువపత్రం ఏదీ?"

నీలవేణి గుర్రం మీంచే కాగితమూ శుభలేఖా అందించింది. "ఈమె మా పెండ్లికి పిలిచిన మనిషి సార్. ఏడు బై నలభై ఇంటి పెద్ద. ముద్ర చూడండి."

ఇన్‌స్పెక్టరు చదివాడు. ఒకసారి సితార వైపు చూసి మళ్లీ చదివాడు. "ఇది ఎవరిచ్చారు? ఇందులో నిజమెంత?" అన్నాడు.

గుంపులోంచి భుజంగరావు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో చదివింపుల పొట్లం పట్టుకుని ఉన్నాడు. ముందుకు రావడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. వచ్చాక వెనక్కి తగ్గలేదు.

"నేనిచ్చాను" అన్నాడు. "మా సిబ్బంది క్షేత్రస్థాయిలో విచారించి నమోదు చేసిన వివరాలు. వీరు సదరు గృహానికి పెద్ద. అధికారికంగా ధ్రువీకరిస్తున్నాను."

"అతిథి అయితే మరి ఈమె మీద పెళ్లికూతురు ఎందుకు కూర్చుంది?"

"పెద్దోళ్లు పిల్లోళ్లను ఎత్తుకోరా సార్?" అంది నీలవేణి.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి రూళ్ల పుస్తకం తీసి, నిలబడే వెతికాడు. అతిథులు ఎవర్ని ఎత్తుకోకూడదో అందులో ఎక్కడా లేదు. పక్కకు తప్పుకున్నాడు. బ్యాండు మొదలైంది. సితార చెవి కదపకుండా కల్యాణమండపం దాకా నడిచింది. అక్కడ నీలవేణి దిగి, దాని మెడ మీద చెంప ఆనించి కాసేపు అలాగే ఉంది. దస్తగిరి కళ్లెం పట్టుకుని మరోవైపు చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున దస్తగిరి ఎవర్నీ అడగకుండా సితారను పాకలో కట్టేశాడు. హుసేన్‌బీ ముందుగది కడిగి, మంచాలు లోపల వేసింది. పదింటికి భుజంగరావు వచ్చాడు. మందుల పెట్టె వచ్చిందట, పట్టుకొచ్చాడు. అందులో ఒక చెంబు, ఒక గుడ్డ, 'చల్లని నీటిని ఉపయోగించవలెను' అని అచ్చేసిన కరపత్రం ఉన్నాయి.

హుసేన్‌బీ టీ ఇచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగాడు.

"లబ్ధిదారు ఎక్కడ?"

"పాకలో ఉండాది సార్, మేత తింటాంది."

"రికార్డు ప్రకారం ఇది ఆమె ఇల్లు. ఆమె లేనప్పుడు నేనిక్కడ కూర్చోవడం పద్ధతి కాదు" అని ఆయన గ్లాసు పట్టుకుని లేచాడు.

పాకలో సితార పక్కన నిలబడి మెల్లగా టీ తాగాడు. తాగాక గ్లాసు గట్టు మీద పెట్టి, టేపు కోసం జేబులో చెయ్యి పెట్టి, తీసేశాడు. పద్నాలుగు నెలల ఉద్యోగంలో ఆయన టేపు లేకుండా గుర్రాన్ని ముట్టుకోలేదు.

"ఎక్కడ ఉండేది?" అని అడిగాడు.

"ఈడ సార్, మోకాటి కింద."

భుజంగరావు వంగి అరచేత్తో కాలు నిమిరాడు. పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి. సితార ఊరుకుంది.

"ఏమీ లేదే" అన్నాడు.

"ఏమీ లేదు సార్."

ఆయన వీధి వైపు ఒకసారి చూశాడు. విభాగం వాళ్లెవరూ లేరు.

"మంచిదే" అన్నాడు.